మాల తీసిన రోజే మళ్లీ సిగరెట్టు: ఒక హిప్నోథెరపీ కేసు పూర్తి వివరం

ఏటా 41 రోజులు సిగరెట్టు జోలికి పోని మనిషి, మిగతా 324 రోజులూ రోజుకు ఇరవై దాకా తాగుతారు. ఈ కేసంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది.

వయసు 43. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో గుమస్తా. ధాన్యం లారీ కాటా ఎక్కగానే తూకం రాసుకోవడం, చిట్టీ చింపి డ్రైవరు చేతికివ్వడం, హమాలీల లెక్క చూడడం ఆయన పని. అలవాటు 21వ ఏట మొదలైంది. (మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాం. ఇదే తరహా కేసుల్లో ఎదురైన సంగతులు కొన్ని ఇందులోనే కలిపాం.) "ఒక్క సిట్టింగ్‌ల మాన్పిస్తరట" అని ఎవరో చెబితే భార్యను వెంటబెట్టుకుని వచ్చారు.

ఆ ఒక్క సిట్టింగ్ మాటను మొదటి పది నిమిషాల్లోనే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఒకే సిట్టింగ్ పద్ధతి లేకపోలేదు. న్యూయార్క్ సైకియాట్రిస్టు హెర్బర్ట్ స్పీగెల్ దాని ఫలితాలను 1970లో ప్రచురించారు. 615 మందిలో ఆరు నెలల తర్వాత కూడా మానేసి ఉన్నవాళ్లు 121 మంది, అంటే అయిదుగురిలో ఒకరు. ఆ సంఖ్యే ఆయనకు చెప్పాం. 2019లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 14 అధ్యయనాలను, 1,926 మంది వివరాలను కలిపి చూసి, సిగరెట్టు మాన్పించడంలో హిప్నోథెరపీ మిగతా పద్ధతులకంటే మెరుగని చెప్పే స్పష్టమైన ఆధారం లేదని తేల్చింది. అదీ చెప్పాం. విని వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు. ఉండేవాళ్లతో పని సులువవుతుంది, ఎందుకంటే మొదటిసారి జారినప్పుడు "మోసపోయా" అనుకోరు.

ట్రాన్స్‌కు ముందు చేసిన పరీక్షలు

మూడు వారాలుగా దగ్గు ఉందన్నారు. రెండు వారాలు దాటిన దగ్గును "సిగరెట్టు దగ్గే" అని కొట్టిపారేయకూడదు. కళ్లె పరీక్షకు, ఎక్స్‌రేకు పంపాం. టీబీ లేదని వచ్చాకే మిగతా పని మొదలైంది. నోట్లో తెల్లటి మచ్చలు, మానని పుండ్లు ఉన్నాయేమో డాక్టరు చూశారు. మూర్ఛ, గతంలో తీవ్రమైన మానసిక వ్యాధి, వాడుతున్న మందులు, నిద్ర, ఆత్మహత్య ఆలోచనలు అన్నీ అడిగి రాసుకున్నాం. సైకోసిస్ (లేనివి కనబడటం, వినబడటం లాంటి తీవ్ర మానసిక వ్యాధి) ఉన్నవాళ్లను సైకియాట్రిస్టు చేతిలో పెట్టకుండా ట్రాన్స్‌లోకి, అంటే హిప్నాసిస్‌లో మనసు ఒక్క దాని మీదే నిలిచే స్థితిలోకి, తీసుకెళ్లడం సరికాదు.

మద్యం గురించి విడిగా, భార్య బయట కూర్చున్నప్పుడు అడిగాం. నెలకు రెండుసార్లు, ఫంక్షన్లలో. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. రోజూ మందు తాగేవారిని, మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారిని హిప్నాసిస్‌తో "రేపటి నుంచి బంద్" చేయించడం ప్రాణాల మీదికి తెస్తుంది. మద్యం ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, వణుకుతూ, లేనివి కనబడే స్థితి రావచ్చు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం లాంటివి హఠాత్తుగా ఆపినా అంతే. తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడల్లా హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎందుకు పోటెత్తారో గుర్తుందిగా. అలాంటివారికి మొదట ఆసుపత్రిలో డీటాక్స్, అంటే డాక్టర్ల కంటి ముందే మత్తు మాన్పించడం, జరగాలి. హిప్నాసిస్ పాత్ర, ఉంటే గింటే, ఆ తర్వాతే.

భార్య అడిగిన మాట కూడా రాయాలి: "ఆయనకు తెల్వకుండ ఏదన్న చెయ్యరాదుండ్రి సార్?" ఈ ప్రశ్న దాదాపు ప్రతి ఇంటి నుంచీ వస్తుంది. తెలియకుండా హిప్నాసిస్ చేయడం కుదరదు. తెలియకుండా మందులు కలపడం నేరుగా ప్రమాదం. మద్యం మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రను అన్నంలో కలిపి పెడితే, ఆ మనిషి పైన మందు తాగినప్పుడు గుండె దడ, బీపీ పడిపోవడం దాకా పోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆమెకు అది చెప్పి, వేరే పని అప్పగించాం. మొదటి వారం ఆయన చిరాకు పడితే ఎదురు వాదించకుండా ఉండటం, ప్యాకెట్ల కోసం జేబులు వెతకకుండా ఉండటం. రెండోదే ఆమెకు కష్టమైంది.

నికోటిన్ మీద ఎంత ఆధారపడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళిలో ఆరు ప్రశ్నలు, మొత్తం 10 మార్కులు. లేచిన పది నిమిషాల్లో మొదటి సిగరెట్టుకు 2, రోజుకు 11–20 మధ్యకు 1, వదులుకోవడానికి మనసొప్పనిది పొద్దున మొదటిదే అన్నందుకు 1, పొద్దుటిపూట ఎక్కువ తాగుతున్నందుకు 1, జ్వరంతో మంచంలో ఉన్నా తాగుతున్నందుకు 1, బస్సులో, గుడిలో ఆపుకోగలుగుతున్నారు కాబట్టి 0. మొత్తం 6, అంటే గట్టి ఆధారమే. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ మీటర్ 22 పీపీఎం చూపించింది. మానేసినవాళ్లలో ఇది 10 కంటే తక్కువ ఉండాలి, 6 లోపు ఉంటే ఇంకా నమ్మకం. ఈ మీటర్ గడిచిన ఒక రోజు సంగతే చెబుతుందని గుర్తుంచుకోవాలి.

131 సిగరెట్లు, ఒక చిట్టీల కట్ట

మొదటి సిట్టింగ్‌లో ట్రాన్స్ లేదు. ఏడు రోజులు మామూలుగానే తాగమన్నాం, కానీ ప్రతి సిగరెట్టుకూ నాలుగు సంగతులు రాయాలి: టైము, ఎక్కడ, పక్కన ఎవరు, ఎంత గట్టిగా అనిపించింది (0 నుంచి 10). నోటుబుక్ ఇస్తే ఇంట్లో మర్చిపోతారు. తూకం చిట్టీల వెనక రాయమన్నాం. రోజంతా చేతిలో ఉండేవి అవే కదా.

వారంలో 131. టీ, భోజనం తర్వాతవి 46. కాటా దగ్గర 38. ఫోన్ మాట్లాడుతూ 21. పొద్దున దొడ్డికి వెళ్లే ముందు 14. మిగతావి 12. "8 లేదా పైన" అని రాసినవి 33 మాత్రమే. సగానికి పైగా చిట్టీల మీద 2, 3, కొన్నిటి మీద సున్నా.

సున్నా రాసిన సిగరెట్టు ఎందుకు తాగారు? "చెయ్యి దానంతటదే జేబుల వోతది సార్. ముట్టిచ్చుకున్నదాక ఎరుకుండదు."

ఈ వాక్యం వినగానే హిప్నోథెరపీకి ఇక్కడ పని ఉందని అర్థమవుతుంది. 33 సిగరెట్లు నికోటిన్ అడిగినవి. అవి నికోటిన్ గమ్‌తో తేలాల్సినవి. మిగతా 98 చెయ్యి అడిగినవి.

మాల సంగతి వచ్చింది అప్పుడే. ఎనిమిదేళ్లుగా కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తున్నారు. మండలం పూర్తిగా సిగరెట్టు లేదు. మొదటి నాలుగు రోజులు తలనొప్పి, మలబద్ధకం, అందరి మీదా విసుగు. తర్వాత "యాది గూడ రాదు". అదీ వానాకాలం వడ్లు దిగి, కాటా దగ్గర లారీలు బారులు తీరే రోజుల్లో. పని ఒత్తిడి వల్లే తాగుతున్నానన్న ఆయన వాదన అక్కడితో తనంతట తనే పడిపోయింది. కానీ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన గంటకే మళ్లీ మొదటి సిగరెట్టు.

నికోటిన్ మానితే వచ్చే బాధ రెండు మూడు రోజులకు తారాస్థాయికి వెళ్లి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. 41వ రోజుకు ఒళ్లు నికోటిన్‌ను అడగడం మానేసి ఉంటుంది. మరి గంటలో ఎందుకు ముట్టించారు? మాలలో ఉన్నది 'స్వామి'. అందరూ అలాగే పిలుస్తారు, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. మాల తీయగానే స్వామి వెళ్లిపోయి గుమస్తా తిరిగొచ్చారు. గుమస్తాకు సిగరెట్టు ఎవరూ మాన్పించలేదు. 41 రోజులూ అది వాయిదా పడిందంతే.

దేవుడి మీద ఒట్టు వేయించమని ఆయనే అడిగారు. ఒప్పుకోలేదు. ఒట్టు వేసినవాళ్లు ఒక్క దమ్ము జారితే "ఎట్లాగూ తప్పింది" అని ప్యాకెట్ కొంటారు. భక్తిని ఆయన తెచ్చినంత వరకే, ఆయన మాటల్లోనే వాడాం. థెరపిస్టు వైపు నుంచి దాన్ని భయంగా మార్చడం హద్దు దాటడమే.

ట్రాన్స్ అంటే ఏమిటో, ఎక్కడ తప్పిందో

మన దగ్గర హిప్నాటిజం అంటే స్టేజీ. బి.వి.పట్టాభిరామ్ గారి ప్రదర్శనలు చూసిన తరం ఇంకా ఉంది. కాబట్టి రెండో సిట్టింగ్ మొదట పావుగంట అపోహలు తీయడానికే. మాటలన్నీ వినబడతాయి, తర్వాత చాలావరకు గుర్తుంటాయి, కళ్లు తెరవాలనుకుంటే తెరవవచ్చు, రహస్యాలు వాటంతటవి బయటికి రావు, ట్రాన్స్‌లోనే ఉండిపోవడం జరగదు. ఇది నిద్ర కూడా కాదు. స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ 1840లలో గ్రీకులో నిద్ర అనే మాట మీద ఈ పేరు కట్టి, తర్వాత ఇది సరిపోదని తనే మార్చబోయాడు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది, మనం ఇంకా దాన్ని సర్దిచెప్పుకుంటూనే ఉన్నాం.

ఎంతవరకు సజెషన్‌కు (ట్రాన్స్‌లో ఉండగా చెప్పే మాటకు) స్పందిస్తారో మోర్గాన్, హిల్గార్డ్‌ల అయిదు అంశాల క్లినికల్ స్కేల్‌తో చూశాం. రెండు చేతులు ఒక అడుగు ఎడంగా చాచి, అవి ఒకదానికొకటి లాక్కుంటున్నట్టు ఊహించమనడంతో మొదలవుతుంది. ఆయనకు అయిదుకు 3 వచ్చింది, మధ్యస్థం. చాలామంది మధ్యలోనే ఉంటారు. 0 వచ్చినవాళ్ల దగ్గర హిప్నాసిస్ మీద గంటలు ఖర్చుపెట్టడం అనవసరం. నేరుగా మందులు, కౌన్సెలింగ్ వైపు వెళ్లడం మేలు.

మొదటి ట్రాన్స్‌లో మూడు తప్పులు జరిగాయి. మూడూ చిన్నవే, మూడూ తరచుగా జరిగేవే.

టైము మధ్యాహ్నం 2:30 ఇవ్వడం మొదటి తప్పు. అన్నం తిని వచ్చి వాలు కుర్చీలో పడుకున్నారు. ఎనిమిది నిమిషాలకు గురక. ట్రాన్స్‌కూ నిద్రకూ తేడా తెలియాలంటే ముందే ఒక వేలి సైగ పెట్టుకోవాలి: "వినబడుతుంటే కుడి చూపుడు వేలు కొద్దిగా లేపండి." రెండుసార్లు అడిగినా లేవకపోతే నిద్రే. గొంతు పెంచి, పేరు పెట్టి పిలిచి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాతి సిట్టింగులన్నీ ఉదయం 10:30కు మార్చాం.

రెండో తప్పు సముద్రం. విశ్రాంతి కోసం వాడే పాఠాల్లో ఎప్పుడూ సముద్ర తీరమే ఉంటుంది. "మెత్తని ఇసుక, అలల చప్పుడు" అనగానే ఆయన నొసలు ముడిపడింది, ఊపిరి పైపైకి వచ్చింది. తర్వాత అడిగితే చెప్పారు, నీళ్లలో అలలు చూస్తే భయమట. ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే సరిపోయేది: మీ మనసు నిమ్మలంగా ఉండే చోటేది? ఆయన జవాబు సాగర్ ఎడమ కాలువ గట్టు. మాలలో తెల్లవారుజామున స్నానం చేసి, తడిబట్టతో గట్టెక్కే నాలుగు నిమిషాలు. అప్పటినుంచి ఇండక్షన్ (ట్రాన్స్‌లోకి తీసుకెళ్లడం) అంతా ఆ గట్టు మీదే. కాళ్ల కింద చల్లటి మట్టి, నీళ్ల వాసన, చెంబు చప్పుడు. కళ్ల కంటే కొంచెం ఎత్తులో గోడ మీద చుక్క చూడటం, రెప్పలు బరువెక్కడం, పది మెట్లు లెక్కపెడుతూ రేవులోకి దిగడం. అయిదారు నిమిషాల్లో తగినంత లోతుకు వెళ్లేవారు.

మూడో తప్పు భాషది, దీని మీద కాస్త ఆగాలి. మొదటి స్క్రిప్టులో ఈ వాక్యం ఉంది: "తాగాలనిపించినప్పుడల్లా మీరు ఒక గ్లాసు చల్లని నీళ్లు తాగుతారు." చూడటానికి దోషం లేదు. కానీ తెలుగులో నీళ్లు తాగుతాం, టీ తాగుతాం, మందు తాగుతాం, సిగరెట్టు కూడా తాగుతాం. ఆయన మాటల్లో: "తాగాలె అనంగనే సిగరెట్టే యాదికొచ్చింది సార్." సజెషన్‌లో రెండుసార్లు ఆ క్రియ మోగింది, రెండుసార్లూ సిగరెట్టునే పిలిచింది. "ధూమపానం" అని మార్చితే ఇంకా దండగ, ఆ మాట ఆయనకు సినిమా హాలు ప్రకటనలోది, తన చేతిలోది కాదు. చివరికి "గొంతు తడుపుకుంటా, ఒక గుటకేస్తా" దగ్గర ఆగాం. "తాగను", "ముట్టను" లాంటి కాదనే మాటలూ తీసేశాం. వద్దన్న వస్తువే ముందు కళ్లకు కడుతుంది.

చెయ్యి దారి మార్చడం

ప్యాకెట్ ఉండేది ఎడమ ఛాతీ మీద చొక్కా జేబులో. మాల ఆనేది కూడా అక్కడికే. ఈ సంగతి ఆయనే పట్టుకున్నారు, మూడో సిట్టింగ్‌లో, చెయ్యి ఎలా లేస్తుందో నెమ్మదిగా చేసి చూపిస్తూ. చెయ్యిని ఆపాల్సిన పని లేదన్నమాట. లేవనిచ్చి, రెండంగుళాల పక్కన ఆగనిస్తే చాలు. జేబులో ప్యాకెట్ బదులు పెన్ను, గమ్ స్ట్రిప్.

సజెషన్ ఆయన చేతే, ఆయన యాసలోనే, "నేను" అని రాయించాం:

"లారీ కాటా ఎక్కింది. డ్రైవర్ దిగుతుండు. నా చెయ్యి పైకి లేస్తుంది. లేస్తున్నట్టు నాకు ఎరుకైతుంది. చెయ్యి గుండె మీదికొచ్చి ఆగింది. చెయ్యి కింద గుండె కొట్టుకుంటుంది. ఊపిరి నిమ్మలంగ ఇడుస్తున్న. మల్లొకసారి ఇడుస్తున్న. పెన్ను తీసిన. తూకం రాస్తున్న. చిట్టి చింపి ఇచ్చిన. లారీ దిగింది. నేను మిల్లు దిక్కు నడుస్తున్న."

ట్రాన్స్‌లో ఇది నాలుగుసార్లు. మొదటిసారి థెరపిస్టు గొంతులో, ప్రతి వాక్యం మధ్య ఒక ఊపిరి ఖాళీతో. రెండోసారి చెయ్యిని నిజంగానే లేపి గుండె మీద పెడుతూ. మూడోసారి ఆయన మనసులోనే చెప్పుకుంటూ, చివరికి రాగానే వేలు లేపుతూ. నాలుగోసారి అడ్డంకులతో: డ్రైవరు పక్కనే సిగరెట్టు ముట్టించాడు, పొగ ముక్కుకు తగిలింది, ఇప్పుడు చెయ్యి? ఈ నాలుగోదాన్ని తొందరలో వదిలేస్తుంటారు. నిజంగా పనికొచ్చేది అదే. టీ, భోజనం, ఫోన్ కోసం ఇలాంటివే మరో మూడు పొట్టి పాఠాలు.

పొద్దుటి సిగరెట్టుకు వేరే ఏర్పాటు. "అది లేకపోతే మోషన్ గాదు" అనేది ఉత్త నమ్మకం కాదు, నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానగానే మలబద్ధకం వస్తుంది. కాబట్టి సజెషన్‌తో పాటు లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర, రోజూ అదే టైముకు కూర్చోవడం. ఎనిమిదో రోజుకు సర్దుకుంది.

సిగరెట్టు తలుచుకుంటే వాంతి వచ్చేలా చేసే సజెషన్లు అడిగేవాళ్లు చాలామంది. వాడలేదు. కొద్ది రోజులు పనిచేసి కరిగిపోతాయి, పైగా పక్కవాడు కాల్చినా కడుపు తిప్పే మనిషికి మిల్లులో ఉద్యోగం కష్టం. "నీ చిన్నప్పుడు ఏం జరిగిందో చూద్దాం" అని వెనక్కి తీసుకెళ్లే పద్ధతీ వాడలేదు. ట్రాన్స్‌లో జరగనివి కూడా జరిగినట్టు గట్టిగా గుర్తుకొస్తాయి, వాటితో కుటుంబాలు చెడిన సందర్భాలున్నాయి.

మానే రోజు జులైలో పెట్టాం. యాసంగి ధాన్యం పని అయిపోయింది, వానాకాలం పంట ఇంకా పొలంలోనే. మూడో సిట్టింగ్ తెల్లారే. ముందు రాత్రి ఇల్లు, బండి డిక్కీ, మిల్లు సొరుగు మూడూ ఖాళీ చేశారు.

గమ్, టీ, నిద్ర

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు తాగేవారికి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, తర్వాత తాగేవారికి 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. డాక్టరు 4 రాశారు, మొదట్లో రోజుకు 8 నుంచి 10, పన్నెండు వారాల్లో తగ్గించుకుంటూ. దీన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా కొరికి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి. ఘాటు తగ్గితే మళ్లీ కొరకాలి. అలా అరగంట. ఆయన మూడో రోజు ఫోన్ చేశారు, వెక్కిళ్లు, కడుపులో మంట, అయినా కోరిక తగ్గలేదని. గబగబా నమిలి రసం మింగుతున్నారు, పైగా నోట్లో గమ్ ఉండగానే టీ. టీ, కాఫీ, నిమ్మరసం ఉన్న నోటి నుంచి నికోటిన్ సరిగా ఎక్కదు. ముందు 15 నిమిషాలు, నములుతున్నంతసేపు అవి వద్దు. గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్లలో ఈ పొరపాటు ఇంకా ఎక్కువ.

రోజుకు ఎనిమిది టీలను నాలుగు చేశాం. దీనికి రెండు కారణాలు. టీ గ్లాసు తగలగానే చెయ్యి లేస్తుంది, అది ఒకటి. రెండోది చాలామందికి తెలియదు: పొగలోని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను త్వరగా కరిగిస్తాయి. సిగరెట్టు మానేశాక అదే టీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రి నిద్ర పట్టక "సిగరెట్టు లేకనే" అనుకుంటారు. ఓలాంజపైన్, క్లోజపైన్, ఆస్తమాకు వాడే థియోఫిలిన్ మీద కూడా ఇదే ప్రభావం ఉంటుంది. ఆ మందులు వాడేవాళ్లు మానే ముందే డాక్టరుకు చెప్పాలి.

రాత్రి పడుకునే ముందు వినడానికి 12 నిమిషాల ఆడియో ఇచ్చాం. వారం తిరక్కుండానే వినడం మానేశారు. "మీ గొంతు రేడియోల వార్తలోలె ఉన్నది సార్." ఆయన గొంతుతోనే, మిల్లు వెనక చప్పుడు లేని టైములో మళ్లీ రికార్డు చేయించాం. అది విన్నారు. బండి నడుపుతూ వినకూడదని ఫైలు పేరులోనే రాయించాం: 'పండుకున్నంకనే'.

పంతొమ్మిదో రోజు

పద్దెనిమిది రోజులు సున్నా. పంతొమ్మిదో రోజు చుట్టాలింట్లో దినాలు. రెండు తాగారు. మరునాడు ఆరు. ఫోన్ చేసింది ఆ తర్వాత మూడో రోజున, సిగ్గుతో.

నాలుగో సిట్టింగ్‌లో ట్రాన్స్ కంటే ముందు ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషం చెప్పించాం. మందు పోశారు, బావమరుదులు గుండ్రంగా కూర్చున్నారు, ఒకాయన ముట్టించి చేతికిచ్చాడు. "మా బావ ఇచ్చిండు సార్. నా చెయ్యి జేబులకు వోనే లేదు."

తప్పు ఎక్కడుందో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. మేం సాధన చేయించినవన్నీ ఆయన చెయ్యి ఆయన జేబు వైపు లేచే సందర్భాలు. ఎదుటివాడి చెయ్యి వెలిగించిన సిగరెట్టుతో ముందుకొచ్చే సందర్భం ఒక్కటీ లేదు. చిట్టీల్లో "పక్కన ఎవరు" అనే గడిలో ఆ సంగతి దొరికేదే. ఆ వారం ఫంక్షన్ లేకపోవడంతో దొరకలేదు, మేమూ అడగలేదు. సజెషన్ సాధన చేసిన చోటే పనిచేస్తుంది, పక్క సందర్భానికి దానంతటది పాకదు.

కొత్త పాఠం: ఎదుటి చెయ్యి వస్తుంది, నా చెయ్యి గుండె మీదికి వెళ్తుంది, నోటి నుంచి రెండే మాటలు, "మానేసిన బావా." కారణాలు చెప్పకూడదు. డాక్టరు వద్దన్నాడంటే "ఒక్కటికి ఏంగాదు" అంటారు, మానేసినన్నదానికి జవాబుండదు. మందున్న చోట నికోటిన్ గమ్ ముందే నోట్లో. మొదటి మూడు నెలలు గ్లాసు ముట్టకుండా ఫంక్షన్ నుంచి అన్నం కాగానే లేవడం. జారితే 24 గంటల్లో ఫోన్‌లో "1" అని ఒక్క అంకె పంపాలి, అంతే, సంజాయిషీ అక్కర్లేదు. మూడు రోజుల ఆలస్యమే రెండింటిని ఆరు చేసింది.

మానే తేదీ ఆ మర్నాటికి మళ్లీ పెట్టాం. తర్వాత ఆరు నెలల్లో "1" రెండుసార్లు వచ్చింది, రెండూ ఒక్కో సిగరెట్టు దగ్గరే ఆగాయి.

వేరే అలవాట్లతో వచ్చేవారికి

గోళ్లు కొరకడం, జుట్టు పీక్కోవడం లాంటివాటిలో ఈ చెయ్యి దారి మార్చే పద్ధతి ఇంకా సూటిగా సరిపోతుంది, ఒంట్లో నికోటిన్ లాంటిది లేదు కాబట్టి. గుట్కాలో చెయ్యితో పాటు నోటికీ పాఠం కావాలి, వక్క లేని సోంపు లాంటిదేదో చేతికందాలి. గంజాయి, మాత్రలు, ఇంజెక్షన్లు, ఆన్‌లైన్ పందేలు ఒక్క హిప్నోథెరపిస్టు గదిలో తేలేవి కావు.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారో చూసుకోవాలి. తగిన శిక్షణ ఉన్నవారు హిప్నోథెరపీ చేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో అనుమతించింది, అంతమాత్రాన పేరు ముందు డాక్టరు చేరదు. సైకియాట్రిస్టో, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టో అయితే మంచిది. మొదటి రోజే దగ్గు గురించి, మందుల గురించి అడగనివారు, గ్యారంటీ ఇచ్చేవారు, పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమనేవారు అక్కర్లేదు. ఖర్చు పెట్టే ముందు 1800-11-2356 పొగాకు క్విట్‌లైన్‌కు ఒకసారి ఫోన్ చేసి చూడండి, అది ఉచితం.

మాల తీసే రోజు

నవంబరులో మళ్లీ మాల వేసుకున్నారు. ఈసారి వేసుకునేటప్పటికే సిగరెట్టు లేదు. అందుకే ప్రమాదం మాలలో కాదు, తీసేటప్పుడు. అయిదో సిట్టింగ్ దానికోసమే అట్టిపెట్టాం, యాత్రకు పది రోజుల ముందు. ట్రాన్స్‌లో వరసగా నడిపించింది ఇది: రైలు దిగడం, స్టేషన్ బయట తోటి స్వాములు ముట్టించడం, ఇంటికి రావడం, మాల తీయడం, మామూలు చొక్కా వేసుకోవడం, చెయ్యి లేవడం, మెడ కింద ఖాళీ తగలడం, చెయ్యి అక్కడే ఆగడం. ఆ ఖాళీ దగ్గరే ట్రాన్స్‌లో ఆయన గొంతు పూడుకుపోయింది. తొందర పెట్టకుండా రెండు నిమిషాలు ఊపిరి మీదే ఉంచి, తర్వాత ముందుకు వెళ్లాం.

మాల తీసిన సాయంత్రం మిల్లుకు వెళ్లి రెండు లారీలు తూకం వేశానని ఫోన్ చేశారు. కోరిక ఎంత అని అడిగితే కాసేపు ఆలోచించి "ఆరు" అన్నారు.

ఏడాది రోజున మీటర్ 3 పీపీఎం. బరువు నాలుగు కిలోలు పెరిగింది. గమ్ 2 మిల్లీగ్రాములది, సీజన్లో రోజుకు ఒకటి రెండు ఇంకా నములుతున్నారు. దాన్ని ఆపమని తొందర పెట్టలేదు. ఇందులో గమ్ ఎంత, ట్రాన్స్ ఎంత, చిట్టీలు రాయడం ఎంత అని విడదీసే వీలు ఒక్క కేసులో ఉండదు. కాటా దగ్గర చెయ్యి మాత్రం ఇప్పటికీ లేస్తుందట.